217 మిల్లీమీటర్లు

అంబత్తూరు ఎస్టేటులో మా షెడ్డుకు బోర్డు లేదు.
గంధకం వాసన పట్టుకుని వచ్చేయొచ్చు.
కుక్కరు మూతల్లో కూర్చునే రబ్బరు చుట్లు,
అవే మా సరుకు.
ప్రెస్సు నోరు తెరిస్తే పొగలతో ఒకటి.
పొన్నుత్తాయి కత్తెరతో దాని మీసాలు గొరిగి
మేకుకు తగిలిస్తుంది.
సాయంత్రానికి గోడ నిండా సున్నాలు.
సున్నాలమ్ముకుని బతుకుతున్నామని మా ఆయన హాస్యం.

చిన్న కంపెనీ సముద్రం దాటితే
సర్కారు చెయ్యందిస్తుందని
గిండీలో ఒక మీటింగులో విన్నాను.
టీ, రెండు బిస్కెట్లు ఇచ్చారు.
స్టాలు అద్దెలో ఇంత, విమానం చార్జీలో ఇంత
తిరిగి ఇస్తారట.
'తిరిగి' అన్న మాట దగ్గర నా పెన్ను ఆగింది.
ముందు మన డబ్బుతో వెళ్ళి రావాలి.
ఆ డబ్బే ఉంటే ఈ బిస్కెట్లకెందుకొస్తాం?
పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు,
పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు.
పక్క కుర్చీలో మురుకుల గొట్టాలు చేసే జైనులాబుదీన్ గారు
అరవంలో ఇంకో సామెత చెప్పారు. అదీ ఇదే.

కాగితాలు చేయించాను.
ఎగుమతి కోడు, పాన్ కార్డు, ఉద్యమ్ నంబరు.
ఉద్యమమా, మరి ఎర్ర జెండా ఏదే అనేవాడు
పెరంబూరు మిల్లు గేటు ముందు
పద్దెనిమిది రోజులు కూర్చున్న మా నాన్న,
ఉండుంటే.

గొలుసు వడ్డీకొట్లో పెట్టి నైరోబీ వెళ్ళాను.
మొదటి రోజు ఒకాయన చుట్టుని గాజులా వేసుకు చూసి
పెట్టేసి పోయాడు.
రెండో రోజు వాన.
మూడో రోజు, బల్ల మీది గుడ్డ మడతపెడుతుంటే
గిన్నెల కొట్టు అకిన్యి వచ్చింది,
సంచిలో మూత పట్టుకుని.
మా కొలతల్లో ఒక్కటీ దానికి పట్టలేదు.
కాగితం కోసం వెతికి
నా హ్యాండ్‌బ్యాగులో చేతికి తగిలినదాని వెనక
తనే గీసింది: ఒక సున్నా, దానికడ్డంగా గీత,
గీత మీద 217.
కింద, ముందు ఐదు వందలు పంపు, చూస్తాను.

చేతికి తగిలినది బోర్డింగ్ పాసు.

ఫైలుకు ఒరిజినలే కావాలన్నారు.
భద్రంగా ఉంటుందని నేనే ప్లాస్టిక్ కవరు వేసిచ్చాను.
వెనక కూడా చూడండి సార్ అన్నాను.
తణికాచలం గారు పిన్ను గుచ్చుతూ
"వెనకవైపు అక్కర్లేదమ్మా."

కొత్త అచ్చు పోయించాం.
ఐదు వందలు వెళ్ళాయి. తర్వాత రెండు వేలు.
కంటైనరేం కాదు, నాలుగు అట్టపెట్టెలు.
హార్బరు దాకా వెళ్ళి చూద్దామనుకున్నాను గానీ
ఆ రోజు కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయింది.

గొలుసుకు వడ్డీ నెలనెలా కడుతున్నాను.
తొమ్మిదో నెలలో ఉత్తరం వచ్చింది,
ప్రయాణ ఆధారం చదవడానికి వీలుగా లేదని.

వెళ్ళాను. ఫైలు విప్పారు.
నా పేరు లేదు. సీటు నంబరు లేదు.
నైరోబీ లేదు.
అచ్చంతా ఆ ప్లాస్టిక్ కవరు తాగేసింది.
ఉతికిన పలకలా ఉంది.
తిప్పారు.
నీలం బాల్ పెన్ను సున్నా, గీత,
చెక్కుచెదరలేదు.
"ఇదేంటమ్మా?"
"నేను వెళ్ళానని రుజువు సార్."
ఆయన చాలాసేపు చూశారు.
దానికి ఫారంలో గడి లేదు.
విమానం కంపెనీ నుంచి లెటరు తెమ్మన్నారు, పదిహేను రోజుల్లోగా.

గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచారు.
గొంతు తగ్గించి,
మా ఇంట్లో మూడు లీటర్లదమ్మా,
పక్కనుంచి ఆవిరి పోతోంది, విజిలు రావట్లేదు.

సంచిలో శాంపిళ్ళున్నాయి.
ఊరికే ఇస్తే ఆయనకూ ఇబ్బందే, నాకూ ఇబ్బందే.
బిల్లు పుస్తకం తీశాను.
నలభై రూపాయలు. చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు.
ఇంటికొచ్చి
దేశీయ అమ్మకాల కింద రాసుకున్నాను.