ముప్పై తొమ్మిది అంగుళాలు

ఆ బల్లలు చేసింది నేనే.
రొయ్యల కంపెనీ కొత్తగా కట్టిన ఏడాది,
హార్బరు వెనక షెడ్డులో, హుద్‌హుద్‌కి నాలుగేళ్ల ముందు.
సూపర్‌వైజరు "ఎత్తెంత?" అంటే
టేపు తీసి నా బొడ్డు దగ్గర ఆనించి
"ముప్పై తొమ్మిది" అన్నాను.
రాసుకున్నాడు. ఇద్దరం టీ తాగేం.
నలభై బల్లలు. స్టెయిన్‌లెస్ స్టీలు.
ఉప్పుగాలికి ఊరంతా తుప్పు పట్టినా
నా అతుకు ఒక్కటీ విడలేదని
పెళ్లిళ్లలో కూడా చెప్పుకునేవాణ్ని.

మొన్న మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రిలో
నా కుడి భుజానికి కరెంటు పెడుతున్నారు.
ఇరవయ్యేళ్లు తలపైకెత్తి వెల్డింగు చేసిన భుజం,
ఇప్పుడు చొక్కా తొడగాలంటే మా ఆవిడ రావాలి.
పక్కన గోడ దగ్గర సూరాడ పైడితల్లి.
"వేళ్లు గోడ మీద నడిపించమ్మా" అంటోంది ఫిజియో పిల్ల.
ఆ వేళ్లు పీతల్లా పాకి పాకి
గెడ్డం ఎత్తున ఆగిపోయాయి.

"ఏం పని చేస్తావమ్మా?"
"రొయ్యలు ఒలుత్తాను బావూ.
బల్ల సంకదాకా ఉంటాది. పొద్దల్లా రెక్కలెత్తుకునే ఒలవాల.
ఎవుడు సేసేడో గానీ
ఆడింట్లో పొట్టోళ్లే లేరు కావాల."

నవ్వాను.
నవ్వు మధ్యలో భుజం కలుక్కుమంది.
నేనేనని చెప్పలేదు.

కాలవ మూత చూడాలని వంక పెట్టి
సోమవారం లోపలికెళ్లాను.
గేటు మీద పెయింటు అక్షరాలు: అందరికీ సమాన అవకాశం.
నిజమే.
అందరికీ సమానంగా నా బొడ్డే.
అరకు నుంచొచ్చిన వంతల బుద్రి
బోర్లించిన ఐసు ట్రే మీద నిలబడి ఒలుస్తోంది,
కింద నీళ్లు, ట్రే జారినప్పుడల్లా కాలివేళ్లతో పట్టుకుంటోంది.
నాకన్నా పొడుగు గంజాం పిల్ల సస్మిత
మెడ వంచీ వంచీ
ఇంటికెళ్లినా ఆకాశం చూడ్డం మానేసిందట.
పురుటి సెలవు అయ్యొచ్చినావిడ
బల్ల అంచు పొత్తికడుపుకి తగలకుండా
పక్కకి ఒరిగి నిలబడింది.
కోటయ్య ఒక్కడే మగాడు ఆ వరసలో, ఎడంచేతి వాటం.
నీళ్ల గొట్టం కుడిపక్కే పెట్టాను కదా నేను,
పన్నెండేళ్లుగా పిండిన తువ్వాలులా మెలిపడి ఉన్నాడు.
ఎవరూ నా వైపు చూడలేదు.
బల్లని తిట్టుకుంటారు గానీ
బల్లకి ఒక మనిషి ఉంటాడని ఎవరనుకుంటారు.

మేనేజరు కాలిక్యులేటరు నొక్కి
"మూవు రాసుకుంటే పోద్ది కదా" అన్నాడు.
మూడుసార్లు తిరిగేక ఒక్క బల్లకి ఒప్పుకున్నాడు.
నలభైలో ఒకటి. ఆదివారం. కూలి లేకుండా.

గ్రైండరు ఎత్తలేను గనక
రుక్సానాని తీసుకెళ్లాను, కంచరపాలెం ఐటీఐ పిల్ల.
వెల్డరని పంపితే
మొదట్లో నేనే మొహం చిట్లించాను.
హెల్మెటు పెద్దదై ముక్కు మీదికి జారుతుంటే
లోపల చున్నీ ముక్క కుక్కుకుని పనిచేసేది.
ఆ పిల్ల బల్ల కాళ్ల దగ్గర కూర్చుని
కోసే ముందు తలెత్తి అడిగింది:
"ఎవరి ఎత్తుకి, అంకుల్?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు.
ఆ రోజు సూపర్‌వైజరు అడగలేదు, టేపు పట్టుకున్న నేనూ అడగలేదు.

కాళ్లకి మరలు పెడదామంది, తిప్పితే లేచేటట్టు, దిగేటట్టు.
ఆదివారం డ్యూటీ వాళ్లని ఒక్కొక్కరినీ నిలబెట్టి
మోచెయ్యి దగ్గర టేపు ఆనించి అరుస్తోంది.
పైడితల్లి సిగ్గుపడి చీర సర్దుకుంది,
ఫొటోకి నిలబడ్డట్టు.

ముప్పై ఒకటిన్నర.
ఇరవై తొమ్మిది.
ముప్పై ఎనిమిది, కాదు కాదు, చెప్పులు విప్పమను.

కుడిచెయ్యి లేవక
ఎడంచేత్తో సుద్దముక్క పట్టుకుని
ఆ బల్ల మీదే రాస్తున్నాను.
అంకెలు వంకరగా పడుతున్నాయి.