రాత్రికి క్రావడి

ఊటుకూరు రొయ్యల గుంటల కాడ
ఎనిమిదేళ్లుగా నాది రాత్రి కాపలా.
ఏరియేటర్లు నీళ్లు చిలుకుతా ఉంటాయి,
వనామి పిల్లలు ఊపిరి పీల్చుకుంటా ఉంటాయి,
నేను చదువుకుంటా ఉంటా.

మొదట్లో కాయితం పుస్తకాలే.
ఉప్పుగాలికి అట్టలు ఉబ్బి
పేజీలు అప్పడాల్లా వంగిపోయి
పిన్నుల తుప్పు కథ మధ్యలోకి కారేది.
టార్చి వేస్తే పురుగులొచ్చి
వాక్యాల మీద వాలేవి,
ఏది కామానో ఏది రెక్కో తెలిసేది కాదు.

కోవూరులో సెల్లులు బాగుచేసే గౌసియా
పగిలిన నా ఫోనుకు కొత్త అద్దం వేస్తా
లోపల ఒక బొమ్మ కూడా పెట్టింది.
"పుస్తకాలు చదివేది, పెంచలన్నా. పైసా అడగదు.
మధ్యలో లోను కావాలా, రమ్మీ ఆడతావా అని
ముఖాన దూకదు.
నువ్వు యాడ ఆపినావో గుర్తు పెట్టుకుంటది,
ఇంకెవురికీ చెప్పదు."
"ఓనరెవురు?"
నవ్వింది.
"ఎవురూ కాదు. అందరూ.
అల్లిన దారం కొసలు బయటే వదిలేసినారు.
ఓపికుంటే నువ్వూ ఒక ముడి వెయ్యొచ్చు."

ఓనరు లేని గుంట నేనింతవరకూ చూళ్లేదు.

నల్లటి పేజీ, బూడిద రంగు అక్షరం.
పురుగులు రాలేదు.
రెండు వేళ్లతో లాగితే అక్షరం దగ్గరికొచ్చింది.
నలభై ఆరేళ్ల నా కళ్లకు
ఇంత మర్యాద ఎవురూ చెయ్యలా.

అంతా బాగానే ఉండాది, ఒక్కటి తప్ప.
రాత్రి అని ఉండాల్సిన చోటల్లా
రాత్ రి.
చంద్ రుడు, సముద్ రం.
ఓడ మునిగే కథ చదువుతుంటే
ఓడకంటే ముందు సముద్రం విరిగింది.
నిద్ర కూడా రెండు ముక్కలే.
అది మాత్రం
నా సంగతి తెలిసే రాసినట్టుంది.

మూడో తరగతిలో కస్తూరి టీచరు
బెత్తం కొసతో చూపించేది:
"క్రావడిరా ఇది. అక్షరానికి ఒడి.
సరిగా చుట్టకపోతే జారి కిందపడుద్ది."

గౌసియా వాళ్లకు ఇంగ్లీషులో రాసింది.
తొమ్మిది రోజులకు జవాబొచ్చింది:
మీ లిపి నాకు రాదు,
ఒప్పు ఎట్టుంటుందో చూపిస్తారా?
ఆ మనిషి పేరు పలకడానికి నాకు నోరు తిరగలా.
మాది ఏ ఊరని ఆయనా అడగలా.

ఆ రాత్రి మేత లెక్కల పుస్తకం వెనక
క నుంచి హ దాకా
ఒక్కోదానికీ క్రావడి చుట్టుకుంటా పోయా.
క్ర. గ్ర. త్ర. ద్ర.
చేతికి మేత వాసన, కాయితానికీ అదే.
భ్ర కాడ తడబడ్డా,
మూడోసారికి గానీ తోక కుదరలా.
వ్ర రాస్తుండగా కరెంటు పోయింది.
పెన్ను నోట్లో పెట్టుకుని పరిగెత్తి
జనరేటరు తిప్పి, గుంట చుట్టూ లైటేసి చూసి,
పైకి తేలిన రొయ్య ఒక్కటీ లేదని నమ్మకం కుదిరాక
వచ్చి హ్ర రాశా.
తెల్లారి ఫోటో పంపా.

పట్టుబడి రోజు, ఐసు లారీ గట్టెక్కుతుండగా
గౌసియా ఫోను: "కొత్తది దించుకో అన్నా."

మోకాటి లోతు నీళ్లలో నిలబడే తెరిచా.
రాత్రి.
ఒక్క ముక్క.
సముద్రం అతుక్కుంది. చంద్రుడూ.
పొట్టు పొట్టుగా తడిసిన చేత్తో
వెనక్కీ ముందుకీ పేజీలు తిప్పుతా ఉంటే
మేస్త్రి తిట్టాడు, తూకం కాడ ఉండమని.

"చేసిన సాయానికి
నీ పేరు ఏమని రాయాలని అడుగుతుండారన్నా."
ఆలోచించా.
పేరు రాస్తే ఏదో ఒకరోజు
మా గుంట ఓనరు చదవచ్చు,
రాత్రి పూట నేనేం చేస్తుండానో
ఆయనకు తెలియడం ఎందుకు?
"పేరొద్దు, ఊరు రాయమను."
ఊటుకూరు అని పెట్టినారంట.
అందులో క్రావడి లేదు.

స్త్రీ ఇంకా సరిగా నిలబడలా.
మూడు అక్షరాలు ఒకదాని మీద ఒకటి,
ఒత్తు పోయి కింది వరసకు తగులుతుండాది.
మేత పుస్తకంలో ఇంకో రెండు పేజీలు
తెల్లగా ఉండాయి.
కొత్త పిల్ల పోసేలోపు రాసి పంపాలి.