ఎడమ కాలి చెప్పు

కోరంగిలో బస్సు దిగేసరికి దానికి ఆకలి.
రెండు నిమిషాలకి నిద్ర.
ఇంకో నిమిషానికి, కాదు, కాకి కావాలి.
రెండేళ్ళ రెండు నెలల మనిషిని చంకనేసుకుని
పాత రేవు చూడ్డానికి వచ్చాను.
సంచిలో బిస్కెట్లు, మార్చడానికో గౌను,
నోటు పుస్తకంలో రాసుకొచ్చిన ఓడల లెక్క.

టిక్కెట్ల కుర్రాడు "పాపకి ఫ్రీ అండి" అన్నాడు,
మోసేది నేనే కదా అన్నట్టు.

లైఫ్ జాకెట్టులో అది తాబేలయిపోయింది.
మెడ లోపలికి లాక్కుని, కళ్ళు మాత్రం బయటపెట్టి
ఉప్పుటేరుని అనుమానంగా చూసింది,
కొత్త కూర పెట్టినప్పుడు చూసినట్టు.

పాలెపు లోవరాజు మోటారు చప్పుడు మీంచి అరుస్తున్నాడు:
"ఆయ్, ఇక్కడే కట్టేవోరంటండి,
మూడేసి తెరచాపలవి.
ఆ తెల్లమడ చెట్లున్నాయే, అక్కడ గోదాములంట.
తర్వాత ఉప్పెనొచ్చి..."
పలక తుడిచినట్టు చెయ్యి ఊపాడు.
ఆ చెయ్యి వెంబడే చూశాను.
బురద.
బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్ళు,
ఎవరో పాతిపెట్టి మర్చిపోయిన పెన్సిళ్ళలా.
ఓ కొంగ. ఓ చిప్స్ కవరు.

"ఓడ ఏదీ?"
"లేదమ్మా, పోయింది."
"ఎక్కకీ?"

దాని భాషలో పోవడమంటే ఇంకా
తిరిగి రావడంలో మొదటి సగమే.
కరెంటు పోద్ది, వస్తుంది.
నాన్న డ్యూటీకి పోతాడు, వస్తాడు.
చందమామ మేడ వెనక్కి పోతాడు, పక్క సందులో దొరుకుతాడు.
నేను నీళ్ళ వైపు చూపించాను.
అది సర్దుకుని కూచుంది, ఓడ వచ్చేదాకా.

మా వాళ్ళలో ఒకాయన ఇక్కడే రంగూను ఓడెక్కాడని
మా నాయనమ్మ చెప్పేది.
ఏ సంవత్సరమో తెలీదు, పేరు కూడా సరిగ్గా తెలీదు,
తలపాగా మాత్రం పచ్చదట.
ఇంత దూరం వచ్చింది ఆ పచ్చ రంగు కోసమేనని
లోవరాజుకి ఎలా చెప్పను?
ఆయన నీరుకుక్కల్ని చూపిస్తానంటున్నాడు.
అవీ రాలేదు.

వచ్చింది ఓ పీత.
వేలెడంత ఎర్ర పీత, ఒక డెక్క పెద్దది, ఒకటి చిన్నది,
ఒడ్డున నిలబడి రా రమ్మని పిలుస్తోంది.
పిల్ల ఒళ్ళంతా చెయ్యి చేసుకుని ముందుకి వాలింది,
నేను నడుం పట్టుకున్నాను,
నోటు పుస్తకం పడవ అడుగున నీళ్ళలో పడింది,
చెప్పు ఒకటి ఏట్లో పడింది.

పసుపు రబ్బరు చెప్పు, మీద బాతు బొమ్మ.
మునగలేదు.
ఒకసారి గుండ్రంగా తిరిగి,
ముక్కు సముద్రం వైపు పెట్టి,
మెల్లిగా కదిలింది.

"తిప్పనా అండి?" అన్నాడు గానీ
చుక్కాని మీద చెయ్యి వెయ్యలేదు.
"ఆటు లాగేత్తందండి. ఇంక అందదు.
పోటుకి మళ్ళీ ఏ మడలోనో ఇరుక్కుంటాది లెండి."

నేను ఏడుపు కోసం సిద్ధమయ్యాను,
బిస్కెట్ కవరు చింపి పట్టుకున్నాను.
పిల్ల లేచి నిలబడింది, నా భుజం మీద చెయ్యేసి,
చెయ్యి ఊపింది.
"టాటా ఓడా!"

ఎన్నేళ్ళ తర్వాతో ఈ రేవు నుంచి
ఒకటి బయల్దేరింది,
సరుకు లేదు, సరంగు లేడు,
ఒడ్డున నిలబడి చెయ్యూపడానికి మాత్రం
ఒక మనిషి ఉంది.
ఆ పచ్చ తలపాగాకి ఎవరైనా ఊపారో లేదో.

తిరుగు దారిలో అది నిద్రపోయింది.
పాదం నా మోచేతికి తగులుతోంది,
వేళ్ళ సందుల్లో బూడిద రంగు బురద
ఎండి చిట్లుతోంది.
తడిసిన పుస్తకంలో ఓడల లెక్క
నీలంగా అలుక్కుపోయింది,
ఆరబెడితే చదవొచ్చేమో, ఆరబెట్టలేదు.

తాళ్ళరేవు బస్సుస్టాండు ముందు షాపులో అడిగాను,
ఎడమ కాలిది ఒక్కటే ఇస్తారా అని.
ఆయన నవ్వి, జత తీసి ముందు పెట్టాడు.
నూట ఇరవై.
పిల్ల కళ్ళు తెరిచి, కొత్త చెప్పులు చూసి,
"వచ్చేసింది" అంది.
ఇది ఎర్రది. దీనిమీద బాతు లేదు.
నేనేమీ అనలేదు.