కళ్ళు: నలభై

మూడు నెలలకోసారి
కొసపేటలో ధనకోటమ్మ బొమ్మల కొట్టుకి
లెక్కలు రాయడానికి వెళ్తాను.
కొట్టంటే ఎనిమిదడుగుల వసారా,
వెనక మట్టి నానే తొట్టి,
పైన దండేల కింద ఆరీ ఆరని దేవుళ్ళు.
కుర్చీ ఒక్కటే. దాని మీద
సగం రంగేసిన వరాహస్వామి ఉంటాడు.
నేను నిలబడే రాస్తాను.

ఆమె చిట్టా పాత క్యాలెండరు కాగితాల వెనక.
బంకమట్టి ఒక బండి. కాగితం గుజ్జు. జిగురు.
సుద్ద. ఆటో. టీ, టీ, టీ.
దశావతారం సెట్టు అమ్మిన ప్రతిచోటా
ఓ మూల, వంకర అంకెల్లో,
కళ్ళు: నలభై.

రంగే కదా అనుకున్నాను.
నల్లరంగు, ఉడత తోకంత సన్న కుంచె,
అన్నీ ఆరాక, ఊపిరి బిగబట్టి
చిట్టచివర ఆమె పెట్టే రెండు చుక్కలు.
మూడేళ్ళు దాన్ని
ముడిసరుకు పద్దు కిందే వేశాను.
ఆమె కాదనలేదు.

నాలుగో ఏడు అడిగాను.
"ఇన్ని నలభైలకి ఇంత చిన్న బుడ్డా?
బిల్లేదమ్మా?"
చేతికంటిన రంగు నా పుస్తకం అట్టకి తుడిచి
"రా" అంది.

వీధి చివర, పంక్చరు షాపు పక్కన
పూల కుప్పమ్మ.
మొగ్గల్ని రెండూ రెండూ ఎదురెదురు పెట్టి
ముడి తప్పకుండా కడుతోంది.
తలెత్తి, "ఏం సామీ,
గడ్డం ఎడమ పక్క వదిలేసినావే" అంది.

"పోయిన మాసిలో దీనికి
పది నోటుకీ ఇరవైకీ తేడా తెలీదు" అంది ధనకోటమ్మ.
"ఇదే బిల్లు. చదువుకో."

ఇస్త్రీబండి నాగరత్నానిది కుడికన్ను.
బడి ముందు ఐసమ్మే ముసలాయనకి రెండూ.
ఎవరి పేరూ క్యాలెండరు వెనక లేదు.

ఆమె మామ వరదయ్య
యాభైయేళ్ళు బొమ్మలకి కళ్ళు పెట్టాడట.
ఆఖరి కొలువుకి
కృష్ణుడి కంటిచుక్క చెంప మీద పడింది.
ఎవరూ నవ్వలేదు. ఎవరూ చెప్పలేదు.
ఆ బొమ్మ అటక మీద ఉంది, ఇప్పటికీ
చెంపతో చూస్తూ.

డబ్బు దాచేది
పప్పూ బెల్లం పోసుక్కూర్చున్న చెట్టియారు బొమ్మ వెనక,
బిస్కెట్ల డబ్బాలో.
"ఆయన ఎవరికీ అరువియ్యడు. నాక్కూడా."
కారులో వచ్చినావిడ
యాభై తగ్గించమని గంటసేపు నిలబడుతుంది.
తగ్గిస్తుంది, తన కూలిలోంచి.
కళ్ళలోంచి తగ్గించదు.

ఆ ఏడు కొలువుకి పదిరోజుల ముందే వాన.
మోకాటిలోతు నీళ్ళు కొట్లోకి.
అర్ధరాత్రి ఎవరు పిలిచారో,
కుప్పమ్మ పూలబుట్టలో అమ్మవార్లు,
ఇస్త్రీబండి మీద దుప్పటి కప్పుకుని రామలక్ష్మణులు,
కార్పొరేషను బడి మేడమెట్లెక్కారు.
"మత్స్యావతారాన్ని మాత్రం వదిలేశాం,
ఈదుకుంటాడులే అని."
నవ్వుతుంది గానీ
సగం సరుకు మళ్ళీ మట్టయింది.

అప్పుడన్నాను, నా పని అదే కాబట్టి,
"ఈ ఏడు ఆ నలభై ఆపండి.
మిగిలింది నష్టమే."
ఆమె కుంచె నోట్లో పెట్టి మొన చేసుకుంటూ
"కళ్ళు పెట్టకుండా బొమ్మనమ్మనా?" అంది.

ధర్మఖాతా అని విడిగా రాస్తానన్నాను.
రసీదుంటే పన్నులో కలిసొస్తుందన్నాను.
"దేనికి? రంగే కదా."
అలాగే ఉంచాను.
తప్పని తెలిసి నేను రాసే పద్దు
నా ఉద్యోగంలో అదొక్కటే.

మొన్న, మళ్ళీ క్యాలెండరు వెనక,
అంకె మూడో ఎనిమిదో తేలలేదు.
కాగితం దూరంగా పట్టుకున్నాను.
కిటికీ వైపు తిప్పాను.
వెలుతురు లేదమ్మా అన్నాను.
పట్టపగలు.

ఆమె కుంచె ఆపింది.
చుక్క పెట్టే ముందు బొమ్మని చూసినట్టు
నా మొహం కాసేపు చూసింది.
"ఆదివారం బళ్ళో డాక్టర్లొస్తారు" అని
వరాహస్వామిని రెండు చేతులా దించి
కుర్చీ చెంగుతో తుడిచి
"ముందు కూర్చో" అంది.