వినబడని చోట

మూడు లాంతర్ల దగ్గర మెట్ల కింద గదిలో
ఇరవై రెండేళ్ళుగా
ఇతరుల ఆలోచనలు టైపు చేస్తున్నాను.
పేజీకి పదిహేను. పట్టికలుంటే ఇరవై.
విజయనగరంలో కొందరు డాక్టర్ల
కామాలు నావి.
విరిగిన వత్తులు అతికించాను,
పారిపోయిన పొల్లుల్ని పట్టుకొచ్చాను.
కృతజ్ఞతల్లో ఆఖరి వరుస నాది:
"అందంగా అక్షరీకరించిన డి.టి.పి. వారికి."
మనిషి పేరుండదు, షాపు పేరుంటుంది.
ఒకసారి అదీ తప్పు పడింది.
కొట్టింది నేనే.

ఆ యేడు మజ్జి హేమలత వచ్చింది,
ఉభాల పాటల మీద పరిశోధన,
చేతిసంచీలో పద్నాలుగు క్యాసెట్లు.
బాడంగి అవతలి మడిచెక్కల్లో
నడుం వంచిన గొంతులు.
పాడినావిడ ఊడికల అసిరమ్మ.
అనుబంధంలో మాత్రం
ఆవేదకురాలు ఏడు, వయసు సుమారు యాభై, నిరక్షరాస్య.

"ఈ పాట ఎవరు రాశారమ్మా?"
టేపులో ఒక నవ్వు,
బురదలోంచి కాలు ఊడదీసిన చప్పుడు.
"రాయడమేటమ్మా!
మొదట మా అత్త ఎత్తింది.
నడుమ ఎవులెవులో
ఆకుకట్టలు అందించినట్టు అందించినారు.
సివర వానొచ్చి లేసిపోనాం."

మూడో చరణం దగ్గర ఎవరో మోటారు వేశారు.
ఒక పాదం నీళ్ళలో కలిసిపోయింది.
హేమలత కాగితం మీద రాసుకుంది: వినబడలేదు.
రాత్రి పదకొండు. తెల్లారితే బైండింగు.
పన్ను ఊడిన చోటులా ఆ ఖాళీ,
నాలుక పదేపదే అక్కడికే పోయింది.
వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి:
"ఏరు దాటుతుంటే నా నీడ బరువాయె"

ఎవరూ అడగలేదు.
అనుబంధాలు చదివేదెవరు?

చదివారు.
మూడేళ్ళకి ఆ పాదం మీద ఒక వ్యాసం
టైపుకి నా దగ్గరికే వచ్చింది.
నీడంటే వలసపోయిన మగడట,
బరువంటే అప్పట,
ఏరంటే ఏమిటో రెండు పేజీలు.
పాదం వయసు కనీసం రెండువందల ఏళ్ళు.
నా వయసప్పుడు ముప్పై నాలుగు.
వ్యాసానికి కర్తలు ముగ్గురు.
కింద ఫారం: ఎవరి వాటా ఎంతో శాతాల్లో చూపండి.
యాభై, ముప్పై, ఇరవై.
వందకి వంద సరిపోయింది.
అసిరమ్మకి గానీ, వాళ్ళత్తకి గానీ,
ఆ మోటారుకి గానీ
పైసా మిగల్లేదు.

నిరుడు అసిరమ్మే వచ్చింది, గోడ పట్టుకుని.
కళాకారుల పింఛనుకి దరఖాస్తు.
ఆధారాలు జతచేయవలెను.
పాత ఫైలు తెరిచి
ఆవిడ పాట ఆవిడకే చదివాను.
మూడో చరణంలో చెయ్యెత్తింది.
"ఇది నాది కాదు బాబూ. ఎవులిది?"
"టేపులో ఉందమ్మా" అన్నాను.
నా ముఖం కేసి చూసింది,
కాసేపు ఆ పాదాన్ని వక్కలా బుగ్గన పెట్టుకుంది.
"బాగానే ఉంది" అంది.
వేలిముద్ర వేసి, పది నోటు బల్ల మీద పెట్టి,
"కాయితానికి" అంది, "పాటకి కాదు."

ఈ శ్రావణంలో కొత్త కుర్రాడు,
ఫోన్లో రికార్డింగు.
మోటారు లేదు, ప్రతి ఊపిరీ స్పష్టం.
గట్టు మీద కూర్చుని అసిరమ్మ ఎత్తుతోంది,
మడిలోంచి పదిమంది అందుకుంటున్నారు:
"ఏరు దాటుతుంటే నా నీడ తేలికాయె"

బరువు కాదు.
ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాను.
నీళ్ళ మీద నీడ తేలుతుంది కదా!
చంపావతి ఒడ్డున పుట్టి
నాకెందుకు తోచలేదు?
దిద్దబోయిన వేలు
కీబోర్డు మీద అలాగే ఉండిపోయింది.
ఆ ఒక్క మాటకి ఎంత శాతం?

కుర్రాడు అడుగుతున్నాడు, ఎవరు రాశారని.
అసిరమ్మ గొంతు, ఏ అడ్డూ లేకుండా:
"టౌన్లో ఎవులో ఎత్తినాడు బాబూ.
ఏరు మేం దాటించినాం."

హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను.
ఆ మాటల చోట
నేను టైపు చేసింది ఇది:
వినబడలేదు.