నిప్పు లేని పొయ్యి, బిట్రగుంట

రాత్రి ఒకటిన్నర.
గూడూరు నుంచి గూడ్సు తెచ్చిన డ్రైవరు
స్టీలు క్యారియరు అట్టాగే లోపల పెట్టబోయాడు.
"ఆగు సామీ" అన్నా,
"ఇనుముకీ దీనికీ పడదు. నిప్పురవ్వలు రాల్చి తిడతాది."

పింగాణీ గిన్నెలోకి వంచా:
నిన్నటి కొరమేను పులుసు,
రాత్రంతా నాని పుల్లదనం వదిలేసిన మామిడి ముక్క.

మా నాయన మస్తానయ్య ఈ ఊరి షెడ్డులోనే ఫైర్‌మన్.
పార పట్టి బొగ్గు ఎగేసేవాడు
నీళ్ళకు కోపం వచ్చేదాకా.
"నీళ్ళు ఊరకే లేవవురా పెంచలయ్యా,
కింద ఎవురో ఒకరు కాలాల."
ఆయన ముంజేతుల మీద రవ్వల మచ్చలు
లెక్కబెడతా లెక్కబెడతా
ఇరవై మూడు దగ్గర నిద్రపోయేవాణ్ణి.

ఇక్కడ కాలేవాడు లేడు.
పసుపు దీపం. తిరిగే పళ్ళెం. సన్నగా ఒక మూలుగు.
బాగు చేయను వచ్చిన కావలి కుర్రోడు కరిముల్లా చెప్పాడు:
కంటికి ఆనని అల ఒకటి
సెకనుకు రెండొందల నలభై అయిదు కోట్ల మాట్లు
నీళ్ళలోని రేణువుని
"ఇటు తిరుగు, అటు తిరుగు" అంటాదంట.
పాపం, తలొక దిక్కు, తోకొక దిక్కు ఉన్న రేణువు,
తిరగబోయి పక్కదాన్ని ఒరుసుకుంటాది.
ఆ ఒరిపిడే వేడంట.

అంతే. పొయ్యి కాగదు, పులుసే కాగతాది.

ముక్క నడుమ మాత్రం చల్లగానే ఉంటాది.
అల బొటనవేలి మందం దూరి అలిసిపోతాది,
మిగతా దోవ వేడి నడిచే పోవాల.
అందుకే గంట మోగినాక కూడా
ఒక నిమిషం తలుపు తీయను.
డ్రైవరు గడియారం చూసుకుంటాడు. నేను చూడను.

నాయన ఉంటే
ఆ తలుపు జల్లెడకి చెయ్యి ఆనించి
"సెగ యాడరా?" అనేవాడు.
ఏం చెప్పేది?
జల్లెడ కన్నాల్లోంచి వెలుతురు వస్తాది,
అలకు ఆ కన్నం చాలదు నాయనా,
అది లోపలే గోడలకు తగిలి తగిలి తిరగతాదని
చెప్తే, నవ్వి,
"గుడ్డు పెట్టి చూడు" అనేవాడేమో.
(పెట్టా. పేలింది. రెండు రోజులు తుడిచా.)

తలుపు తీశా.
ఆవిరి.
ఒకప్పుడు మద్రాసు దాకా బండిని లాక్కెళ్ళిన ఆవిరే,
ఇప్పుడు గుప్పెడు,
ఒక మనిషి కళ్ళద్దాలు మసకబారేంత.

"అడుగు నుంచి కలుపుకో సామీ."
ఆయన తల వంచుకుని తింటన్నాడు.
పళ్ళెం మీద పడ్డ పులుసు చుక్కని వేలితో తుడిచా.
చురుక్కుమనింది.
మచ్చ పడేంత కాదు.