ఎగువ మడి

నుకుస్ కంటి ఆసుపత్రి. మార్చి. కిటికీల మీద ఉప్పు ధూళి.
పెర్దెబాయ్ కుడి కంట్లో ఒత్తిడి యాభై రెండు.
రాత్రంతా తల గోడకేసి కొట్టుకున్నాడట.
చెబుతున్నది కోడలు, అతను కాదు.

దీపం పెట్టి చూశాను.
కనుపాప అంచున ఎర్రటి నూలుపోగులు,
ఎవరో రాత్రికి రాత్రే తవ్వుకుపోయినట్టు.

"కొత్త రక్తనాళాలు" అన్నాను.
"కంటి నీరు బయటికి పోయే తూము మీద అల్లుకున్నాయి.
అందుకే లోపల ఇంత బరువు."

ముప్పై ఏళ్లు కెగెయ్లీ కాలువ మీద
తలుపులెత్తి దించిన మనిషి,
పంటి బిగువునే నవ్వాడు.
"డాక్టరమ్మా, దొంగకాలువ సరదాకి తవ్వరు.
ఎగువన ఎక్కడో ఒక మడి ఎండుతూ ఉంటుంది.
దాన్ని చూశావా?"

చూస్తున్నాను.
కంటి వెనక, చూపు పండే పొర.
అక్కడ దప్పిక.
నెత్తురు కావాలి, ఎటునుంచైనా సరే, అని కేక.
ఆ కేకకే మొలిచాయి ఇవన్నీ.
గట్టు లేదు, వంతు లేదు,
దాహమున్న చోటు తడపవు,
మురుగు దారి మాత్రం మూసేస్తాయి.

షుగరు ఎన్నాళ్లుగా?
పదకొండేళ్లు. మాత్రలు, ఉన్నప్పుడు.
టీ తాగేటప్పుడు బుగ్గన కలకండ, అది మానలేదు.
బీపీ ఎన్నడూ చూపించుకోలేదు.
"డిసెంబరులో ఒక పొద్దున లేచేసరికి
ఈ కంటికి మబ్బు కమ్మింది.
నొప్పి లేదు కదా అని ఊరుకున్నా."

వేళ్ల మీద లెక్కపెట్టాను. నూరు రోజులకు రెండు తక్కువ.
ఆ పొద్దునే పూడి ఉంటుంది,
నెత్తురు వెనక్కి మళ్లే ఒకే ఒక్క సిర.
మెడ మీద స్టెతస్కోపు ఆనించి కూడా విన్నాను.
కొందరికి కరువు అక్కడే మొదలవుతుంది.
ఇతని మెడలో నది నిమ్మళంగానే ఉంది.

కుడి కన్ను ఇక రాదు.
ఆ మాటకు నోరు రాక
ఎడమ కంటి సంగతి ఎత్తాను.
అక్కడా మడులు నెర్రెలిస్తున్నాయి.
"లేజరుతో అంచులు కాల్చేస్తాను.
కొంత పొర చస్తుంది. చచ్చింది నీళ్లడగదు.
నడిమి చూపు నిలబడొచ్చు."

చాలాసేపు పలకలేదు.
"సముద్రం వెనక్కి పోయిన ఏళ్లలో
మేమూ సగం పత్తి ఎండబెట్టాం, మిగతా సగం కోసం.
ఏ సగమో తేల్చింది నేనే.
అందులో మా తమ్ముడి చేను ఉంది."

గడ్డం ఇక్కడ ఆనించమన్నాను.
ఆనించాడు.
కదలొద్దని చెప్పే పని పడలేదు.